మావ నాటించిన జమ్ము

మొన్న టెక్కలి నుంచి పలాస వస్తూంటే, దారి పక్క చెరువు అంచున జేసీబీ ఒకటి జమ్ముగడ్డి పీకేస్తోంది. ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ తల బయటపెట్టి చూసి, "అమ్మయ్య, పాములూ దోమలూ పోతాయి. సెరువు సక్కగా కనబడతాది" అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మామూలుగా నేను ఆటోలో ఎవరితోనూ తగువు పెట్టుకునే మనిషిని కాను. మా ఇంట్లో వాళ్లు ఈ మాట ఒప్పుకోకపోవచ్చు, అది వేరే సంగతి. "జమ్ము పోతే సెరువు మిగులుతాదేటమ్మా?" అనేశాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి కాస్త అటు జరిగి కూర్చుంది. నిజానికి ఆ మాట నాది కాదు, మా మేనమామది. పలాస చేరేదాకా ఆయన్నే తలుచుకుంటూ కూర్చున్నాను.

మావ వాళ్ల ఊరు కవిటి దగ్గర. ఇసక నేల మీద కొబ్బరి తోటలు, తోటలు దిగితే బీల. బీలంటే తడి ఆరని పల్లపు నేల. వానాకాలంలో చెరువులా నిండుతుంది, ఎండాకాలంలో మధ్యన మడుగులు మిగుల్తాయి. పైనుంచి వచ్చే గెడ్డ, అదే వాగు, అందులోనే కలుస్తుంది. ఆ కలిసేచోట నీరు పారుతోందో నిలబడిందో చెప్పడం కష్టం. మనిషెత్తు జమ్ము, సందుల్లో తుంగ, కాలు పెడితే మోకాలి దాకా బురద. మావ వాళ్లింట్లో ఆ చోటుని ఊటదరి అనేవారు. తొలకరికి గెడ్డ ఎర్రగా ఒండ్రు మోసుకుంటూ వచ్చి జమ్ములో చొరబడి, అక్కడ నెమ్మదించి, ఒండ్రంతా వాటి మొదళ్లలో దించేసి, బీలలోకి తేటగా జారేది. సరిగ్గా అప్పుడే బీలలోంచి కొర్రమీనులు, జెల్లలు గుడ్లు పెట్టడానికి జమ్ములోకి ఎదురెక్కేవి. మొదటి వానకి ఎక్కే చేపని ఊళ్లో ఎవరూ పట్టకూడదు, అది కట్టుబాటు. "పురిటికొచ్చిన ఆడపిల్లని ఎవులైనా గుమ్మంలోనే పట్టీసుకుంటారేటి?" అనేవాడు మావ. రెండో వాన నుంచి మాత్రం ఆయనే అందరికంటే ముందు వల భుజాన వేసుకునేవాడు.

తోట కింది కొసన అత్త నుయ్యి ఉండేది. తవ్వించింది మావే అయినా అది అత్త నుయ్యే. ఆ వీధి ఆడవాళ్లంతా అక్కడే తోడుకునేవారు. వానల్లో తోట ఇసకలో ఇంకిన నీరు మెల్లగా దిగి బీలకి చేరేది. ఎండలు ముదిరాక బీల నీరే ఇసకలోంచి వెనక్కి నడిచి నూతికి వచ్చేది. ఒక కాలం ఇది దానికి పెడుతుంది, ఒక కాలం అది దీనికి పెడుతుంది, వియ్యాలవారి సారెలాగ. మా ఉద్దానంలో నీళ్ల మీద నమ్మకం ఎప్పుడో సడలిపోయింది. కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందంటే ఎవరి మాట వారిదే గానీ, అనుమానం మాత్రం ముందు నీళ్ల మీదకే పోతుంది. ఆ జబ్బు మావకీ వచ్చింది. డయాలసిస్‌కి పలాస వచ్చినప్పుడల్లా మా ఇంట్లో భోంచేసి వెళ్లేవాడు. రోజుకి తాగే నీళ్లకి డాక్టరు కొలత పెట్టాడు. పొద్దున్నే అత్త ఆ కొలతని ఒక స్టీలు చెంబులో పోసి ఆయన ముందు పెట్టేది. "సెంబుడే తాగమన్నారు సరే, ఆ సెంబుడూ నా నూతివే అవ్వాల" అనేవాడు. అంతకు మించి ఆయన ఏదీ కోరడం నేను వినలేదు.

ఒక ఏడు వానలు బాగా ఆలస్యమయ్యాయి. వచ్చిన కాసిని నీళ్లూ జమ్ములో ఆగిపోతున్నాయని పల్లపు మళ్ల వాళ్లకి కోపం వచ్చింది. ఊరంతా ఒక్కటై ఊటదరి జమ్ము నరికేసి, గెడ్డని తిన్నగా బీలలోకి దింపుతూ కాలవ తవ్వేసింది. మావ వద్దంటే వద్దన్నాడు, ఎవరూ వినలేదు. తమాషా ఏమిటంటే, ఊళ్లో ఏ పనికైనా మొదటి కొబ్బరికాయ మావ వాళ్లింటి పెద్దే కొట్టాలి. ఆయన తిట్టుకుంటూ వెళ్లి మరీ కొట్టి వచ్చాడు. "కాయ ఊరి కోసం కొట్టేను, కాలవ కోసం కాదు" అన్నాడు మాతో. ఆ ఏడు మళ్లు తడిశాయి, మావని అందరూ ఆటపట్టించారు. తరవాతి తొలకరికి గెడ్డ ఆగే చోటు లేక ఎర్రనీళ్లతో ఒక్క ఉరుకున బీలలో పడింది. ఒండ్రు బీలంతా మేటవేసింది. ఎదురెక్కిన చేపలకి చాటు దొరకలేదు. ఎండాకాలం వచ్చేసరికి నూతిలో నీరు అడుగంటి, మిగిలింది బురద వాసన కొట్టింది. వీధిలోకి క్యాన్ల ఆటో రావడం మొదలైంది. అత్త చెంబులో క్యాన్ నీళ్లు పోసి ఇస్తే మావ ఒక గుక్క తాగి, "ఇవి నీళ్లు కావే, నీళ్ల ఫొటో" అన్నాడు. అందరం నవ్వాం. అత్త మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఊళ్లో వాళ్లు తలలు దించుకుని వచ్చారు. మావ వాళ్లని సాధిస్తాడనుకున్నాను, సాధించలేదు. "తప్పెవులిదని నేనడగను. జమ్ము దుంపలు ఎవులు తెత్తారో సెప్పండి" అన్నాడు. కాలవ మూతికి కొబ్బరి మొద్దులు అడ్డం వేయించి, ఇసక బస్తాలు పేర్పించి, నీరు రెండు పక్కలా పరుచుకునేలా చేయించాడు. పక్క ఊరి బీల నుంచి దుంపలు తెప్పించి నాటించాడు. తను గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో, సూది పోట్ల చెయ్యి కనబడకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కలెక్టరులా కూర్చునేవాడు. "దగ్గరదగ్గరగా నాటకండర్రా, ఆటికీ ఊపిరాడాల!" అని కేకలు. ఆ కేకలకే రోజంతా ఆయాసపడేవాడు. నాకు భయం వేసి, "మావా, ఇదంతా ఎదిగేసరికి..." అన్నాను. "నేనుంటానా అనేటే? ఉంటాను. నాకు పనున్నాది" అన్నాడు.

ఉన్నాడు. జమ్ము ఒక వానకి పచ్చబడింది, మరో వానకి ఒత్తుకుంది. గెడ్డ మళ్లీ అందులో నెమ్మదించింది. కొర్రమీను ఎదురెక్కిందన్న కబురు నాకు ఫోన్లో చెబుతూ అత్త ఏడ్చింది. ఆ పై ఎండాకాలం నేను వెళ్లినప్పుడు నూతిలో ఊట లేచింది. అత్త చేద వేసి తోడింది. వాసన చూసింది, తను ఒక దోసెడు తాగింది, అప్పుడు చెంబు నింపింది. "కొంచెం కొంచెంగా తాగండి. రాత్రి దాకా ఇదే" అంది. మావ చెంబు ఎత్తాడు. దించుతాడని చూశాం, దించలేదు. అత్త ఆపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. గుటక గుటకకీ ఆయన కంఠం కదలడం ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. అంతా తాగేసి, ఖాళీ చెంబు అత్త చేతికిచ్చి, "ఇయ్యేల్టికి నాది అయిపోనాది" అన్నాడు. ఆ రోజు పడుకునేదాకా దాహమన్న మాట ఆయన నోట రాలేదు.

మరుసటి తొలకరికి మావ లేడు. కాలం ఎవరికెంత కొలిచి పోసిందో ముందుగా ఎవరికీ తెలీదు. ఆయన మాత్రం తనకి పోసిందాంట్లో చుక్క కూడా వదిలిపెట్టి వెళ్లలేదు.