టేపక్క దాచిన కొలత

ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. మెడలో ఎప్పుడూ పసుపు రంగు టేపు వేలాడుతుంటుంది గనక టేపక్క అయిపోయింది. స్నానానికి తప్ప ఆ టేపు తియ్యదని షాపులో కుట్టేవాళ్లు జోకులేస్తారు. పెళ్లి బట్టలు మాత్రమే కుట్టే ఆ షాపులో ఆమె పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది. పెళ్లికూతుళ్లను అద్దం ముందు నిలబెట్టి కొలతలు తియ్యడం, బట్ట కత్తిరించడం ఆమె పని. కుట్టడం మిగతావాళ్ల వంతు.

కొలిచేటప్పుడు ఆమె ఎవరి మొహమూ చూడదు, అంకె బయటికి చెప్పదు. "లావయ్యానా అక్కా?" అని ఎవరైనా బెంగగా అడిగితే, "నువ్వు కాదమ్మా, మా టేపే కుంచించుకుపోయింది" అంటుంది. పుస్తకంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, కొలిచిన ప్రతిసారీ పక్కన తేదీ. అర అంగుళం అటూ ఇటూ రాస్తే పెళ్లిరోజు పొద్దున జిప్పు పడదు. అప్పుడు పెళ్లికూతురి ఏడుపు, పెళ్లికూతురి పిన్ని తిట్లు, అన్నీ ఫోన్లో ఆమే వినాలి.

ఆమెకు నలభై దాటాయి. పెళ్లి కాలేదు. దాని వెనకాల ఏదో కథ ఉంటుందని చుట్టాలు చాలాకాలం వెతికారు. ఏమీ లేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి, పోయాయి, తర్వాత రావడం మానేశాయి, అంతే. ఇంట్లో ఆమె, అమ్మ, ఆమెకంటే పన్నెండేళ్లు చిన్నదైన చెల్లెలు. నాన్న చెల్లెలికి ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ ఇంట్లో మిషను పెట్టుకుని కిటికీ తెరలు కుట్టి ఇద్దర్నీ పెంచింది. పెద్దదానికి కత్తెర పట్టుకోవడం నేర్పింది. చిన్నదాన్ని మాత్రం కత్తెర ముట్టుకోనివ్వలేదు. ఎవరైనా అడిగితే, "పెద్దది పనికొస్తుంది, చిన్నది ముద్దొస్తుంది" అనేది నవ్వుతూ. ఆ మాట పెద్దది కొన్ని వందలసార్లు వింది. విన్న ప్రతిసారీ తనూ నవ్వింది.

చెల్లెలు కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. దూరప్రయాణాల బస్సు నడిపే కుర్రాడొకడు అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి, మూడు నెలల్లో ఆరుసార్లు అద్దాలు సరిగా లేవన్నాడు. ఏడోసారి పెళ్లి మాట ఎత్తాడు. "నీ చూపులో లోపం లేదని నాకు మొదటిరోజే తెలుసు" అందట చెల్లెలు. ఇంట్లో ఎవరూ కాదనలేదు. అమ్మ ఒక్కటే షరతు పెట్టింది. పెళ్లి చెరువు పక్కనున్న ఆ పెద్ద అద్దాల హాల్లోనే జరగాలి.

ఆ హాలు కట్టిన కొత్తలో దానికి అరవై నాలుగు తెరలు అమ్మే కుట్టింది. బట్ట వాళ్లే తెచ్చి ఇచ్చేవాళ్లు, కుట్టినవి వాళ్లే పట్టుకెళ్లేవాళ్లు. అవి కిటికీలకు వేలాడుతుంటే ఎలా ఉంటాయో చూడాలని ఒకసారి వెళితే గేటు దగ్గరే ఆపేశారు. లోపల ఎవరి పెళ్లో జరుగుతోంది, అమ్మ దగ్గర కార్డు లేదు.

ముగ్గురూ కలిసి హాలు మేనేజరు దగ్గరకు వెళ్లారు. అతను కుర్చీలు చూపించి, కూర్చున్నాక డైరీ తెరిచాడు.

"ఈ ఏడాది ఏ తేదీ ఖాళీ లేదమ్మా."

"మరి మమ్మల్ని కూర్చోబెట్టారెందుకండీ?" అంది చెల్లెలు.

"ఆ మాట నిలబడి వింటే బాధేస్తుందని."

అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వుకు మేనేజరు మెత్తబడ్డాడో ఏమో, పేజీలు మళ్లీ తిప్పి, ఐదు నెలల తర్వాత ఒక శనివారం ఖాళీ అయిందన్నాడు. ఎవరో పెళ్లి మానుకున్నారట.

"ఎందుకు మానుకున్నారట?" అంది అమ్మ.

"కారణాలు మాకెందుకు చెప్తారమ్మా? కుర్చీలు వెయ్యొద్దని మాత్రం చెప్పారు."

ఆ శనివారం ఖాయమైంది. బయటికి వస్తూ అమ్మ ఒక తెర అంచు తిరగేసి కుట్టు చూసింది. "ఇవి నావి కావు. మార్చేశారు" అంది. అయినా హాలు నచ్చిందనే అంది.

ఇద్దరి డ్రెస్సులూ టేపక్కే కుట్టాలని చెల్లెలు పట్టుబట్టింది. పెళ్లికూతురిది తెల్లటిది, అమ్మది ముదురు నీలం. మొదటి ఆదివారం టేపక్క ఇద్దర్నీ షాపుకు పిలిచి కొలిచింది. అమ్మ ఛాతీ ముప్ఫై ఎనిమిది. పుస్తకంలో చెల్లెలి పేజీ పక్క పేజీలో 'అమ్మ' అని రాసి, అంకె వేసి, తేదీ వేసింది.

ఆరు వారాల తర్వాత కచ్చా కుట్లు వేసిన నీలం డ్రెస్సు ఇంటికి తెచ్చింది. తొడిగేముందు అలవాటు కొద్దీ అమ్మ చుట్టూ టేపు వేసింది. ముప్ఫై ఏడు వచ్చింది. కానీ టేపు కింద ఒళ్లు తగల్లేదు. పద్నాలుగేళ్లు జనాన్ని కొలిచిన వేళ్లకు ఒళ్లేదో బట్టేదో వేరే చెప్పక్కర్లేదు.

"అమ్మా, లోపల ఏం తొడుక్కున్నావు?"

"చలిగా ఉందే."

"ఇంత ఎండలో చలేంటి?"

"నా ఒళ్లు, నా చలి. నీకెందుకు?"

టేపక్క తలుపు గడియ పెట్టింది. అమ్మ ఒక్కొక్కటే విప్పింది. పైన చొక్కా, దాని కింద ఊలు స్వెట్టరు, దాని కింద రెండు బనియన్లు. చివరికి మిగిలిన మనిషి చుట్టూ టేపు తిరిగింది.

"ముప్ఫై నాలుగున్నరేనా?" అంది అమ్మ.

"ముప్ఫై నాలుగు."

"ఈ వారంలో ఇంకో అర పోయిందన్నమాట."

అప్పుడు చెప్పింది. రెండు నెలల కిందట ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లొచ్చిందట. కడుపులో ఉన్న గడ్డకు పేరు కూడా చెప్పారట, పలకడానికి నోరు తిరగదట. "ఏడాది అన్నాడు డాక్టరు. మనం బట్టల డెలివరీ తేదీ చెప్పినట్టే వాళ్లూ చెప్తారు, ఒకటి చెప్తే ఇంకొకటి అవుతుంది. పెళ్లిదాకా నెట్టుకొస్తానులే."

"చెల్లికి చెప్దాం."

"చెప్పావంటే చూడు! అది వింటే ఆగుతుందా? రేపే ఏ ఆఫీసులోనో సంతకాలు గీకేసి వచ్చేస్తుంది. నా బిడ్డ ఆ హాల్లో నడవాలి. నేను కార్డు చేత్తో పట్టుకుని ఆ గేట్లోంచి లోపలికి వెళ్లాలి."

"మరి నాకెందుకు చెప్పావు?"

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నీకు కాక ఇంకెవరికి చెప్పుకోనే?"

నలభై ఏళ్లలో అమ్మ ఆమెతో అలాంటి మాట అనడం అదే మొదటిసారి.

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం డ్రెస్సు పేరు చెప్పి ఇద్దరూ ఒక గంట తలుపేసుకునేవాళ్లు. టేపక్క కొలిచేది, కుట్లు విప్పి లోపలికి తీసేది, కండ పోయిన భుజాల దగ్గర పల్చగా దూది పెట్టేది. బట్ట మాత్రం కత్తిరించలేదు. తీసినదంతా లోపలే మడిచి ఉంచింది, మళ్లీ వదులు చెయ్యాల్సిన రోజు వస్తుందేమో అన్నట్టు. ఆ గంటలో అమ్మ ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పేది. నాన్న పోయిన ఏడాది మిషను చప్పుడు వెనకాల ఎలా ఏడ్చిందో, పెద్దదానికి వచ్చిన ఒక మంచి సంబంధాన్ని తను భయంకొద్దీ ఎలా ఊరికే జారనిచ్చిందో. "నువ్వు వెళ్లిపోతే చిన్నదాన్ని ఎలా సాకాలో తెలియలేదే" అంది. టేపక్కకు కోపం రావాలి. రాలేదు. పిన్నీసులు పంటితో పట్టుకుని ఇంకా చెప్పమన్నట్టు తలూపింది.

"ఏంటీ గుసగుసలు?" అని బయట్నుంచి చెల్లెలు తలుపు కొట్టేది.

"నీ మొగుడి గురించే!" అని అమ్మ లోపల్నుంచి అరిచేది.

కార్డుల షాపులో కూడా అమ్మదే సందడి. షాపువాడు ఎనభై నమూనాలు బల్ల మీద పరిస్తే డెబ్భై తొమ్మిదింటికి వంకలు పెట్టింది. గులాబీలున్నది చూసి సబ్బు అట్టపెట్టె అంది. హంసలున్నది చూసి, "ఇవి బాతులు కదయ్యా" అంది. "పెళ్లయ్యాక బాతులే అవుతారులెండి" అన్నాడతను. చివరికి ఏ బొమ్మా లేని కార్డు తీసుకుంది. ఆహ్వానించేవాళ్ల దగ్గర తన పేరు రాయించి, "కింద పెద్దదాని పేరు కూడా వెయ్యి బాబూ" అంది. టేపక్క అమ్మ వైపు చూసింది. అమ్మ షాపువాడికి అక్షరాల సైజు చెబుతోంది.

ఆ రోజే, కుర్చీలోంచి లేస్తూ అమ్మ తూలింది. చెల్లెలు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదలకుండా, "అమ్మా, బాగా చిక్కిపోయావే" అంది. తర్వాత అక్క వైపు తిరిగింది. "ఏంటే ఇది? నువ్వు చూస్తున్నావా లేదా?"

టేపక్క మెడలోంచి టేపు తీసి, అక్కడికక్కడే అమ్మ స్వెట్టరు మీంచి చుట్టి, అంకె మీద బొటనవేలు పెట్టింది.

"ముప్ఫై ఎనిమిది. మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే. నీకు పెళ్లి కంగారు."

"నీ టేపు చెప్పాక ఇంకేముంది" అని చెల్లెలు నవ్వేసింది. కళ్లు బాగోలేని వాళ్లకు చూపు సరిచెయ్యడమే దాని ఉద్యోగం.

పెళ్లికి పంతొమ్మిది రోజులుందనగా అమ్మ వంటగదిలో పడిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు చెల్లెల్ని పక్కకు పిలిచి మాట్లాడాడు. అది తిరిగొచ్చి మంచం పక్కన నిలబడి, ఏడవకుండా, "రేపే చేసుకుంటాం. ఇక్కడే, ఈ మంచం పక్కనే" అంది. కుర్రాడికి ఫోన్ చేసింది. అతను బస్సుతో ఇరవై గంటల దూరంలో ఉన్నాడు. బండి ఇంకో డ్రైవరుకు అప్పజెప్పి బయల్దేరాడు. మర్నాడు పొద్దున వార్డులోకి టీలు వచ్చే వేళకు అమ్మ పోయింది. అతను మధ్యాహ్నం యూనిఫాంతోనే వచ్చాడు.

అప్పటికే రెండు వందల ఇరవై కార్డులు పంచేశారు. అందరికీ ఫోన్లు చేసి చెప్పాలి. సగంమంది పోయినావిడ గురించి రెండు ముక్కలు అని, మళ్లీ ఎప్పుడు పెట్టుకుంటున్నారని అడిగారు. జనం దగ్గర ప్రతిదానికీ ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

పదో రోజున చెల్లెలు షాపుకు వచ్చింది, తెల్ల డ్రెస్సు ఆపేయమని చెప్పడానికి. టేపక్క లోపలి గదిలో ఎవర్నో కొలుస్తోంది. చెల్లెలు బల్ల మీదున్న పుస్తకంలో తన పేజీ వెతికి, గీత కొట్టేద్దామని పెన్ను తీసింది. పక్క పేజీ కనబడింది.

టేపక్క బయటికి వచ్చేసరికి పుస్తకం తెరిచే ఉంది.

"ఈ తేదీ చదువు" అంది చెల్లెలు.

టేపక్క వంగి పేజీ చూసింది.

"కార్డుల షాపుకెళ్లిన రోజు. అక్కడ నాకేం చెప్పావు?"

"ముప్ఫై ఎనిమిది."

"ఇక్కడేం రాశావు?"

"ఇంటికెళ్లాక మళ్లీ కొలిచాను. ముప్ఫై ఒకటిన్నర."

"అంత అబద్ధం ఆడినదానివి, పుస్తకంలో కూడా అబద్ధమే రాసి చావొచ్చుగా!"

టేపక్క పుస్తకం మూసింది. తప్పు కొలత రాయడం ఆమె చేతికి రాదు. అమ్మ చనిపోతోందని తెలిసి కూడా ఆ చెయ్యి తన అలవాటు తను మానుకోలేదు.

"హాలు అమ్మకి కావాలి. నాకు అమ్మ కావాలి" అంది చెల్లెలు. "మన వంటగదిలో చేసుకునేదాన్ని. అమ్మని స్టూలు మీద కూర్చోబెట్టి అమ్మ ముందు చేసుకునేదాన్ని. మూడు నెలలు నీ దగ్గర ఉంది ఆ మాట. ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ వద్దంది."

చెల్లెలు ఆమె మొహంలోకి కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆ వారమే తన సామాను తీసుకుని స్నేహితురాలి గదికి మారిపోయింది.

నాలుగు నెలల తర్వాత కుర్రాడు ఫోన్ చేశాడు. "బుధవారం రిజిస్టరు ఆఫీసులో చేసుకుంటున్నాం వదినా. సాక్షిగా రావాలి. తనకి చెప్పే చేస్తున్నాను, సరే అంది."

ఆఫీసు వరండాలో బెంచీ మీద చెల్లెలు ఏదో షాపులో కొన్న రెడీమేడ్ డ్రెస్సులో కూర్చుని ఉంది. భుజం దగ్గర అంగుళం వదులు. టేపక్క కళ్లు అక్కడికే వెళ్లాయి, చేతులు మాత్రం ఒళ్లోనే ఉంచుకుంది. కుర్రాడు కాగితాలు పట్టుకుని లోపలికి వెళ్లాడు. ఇద్దరే మిగిలారు.

"ఆ రోజు నేను చెప్పింది నిజం కాదే" అంది టేపక్క.

చెల్లెలు వదులైన భుజం సర్దుకుంది.

"అమ్మ వద్దంది, నిజమే. ఆ మాట కాదని నీకు చెప్పొచ్చు. చెప్పలేదు. నాకొక్కదానికే చెప్పింది కదా అని దాచుకున్నాను. అమ్మ ఎప్పుడూ నీదే. ఆ ఆదివారాలు మాత్రం నావి. నీకు చెబితే ఆ గంట కూడా నీదైపోతుందని చెప్పలేదు."

వరండా చివర ఒక గుమాస్తా కిటికీ మూశాడు. చెల్లెలు అటే చూసింది. తర్వాత నెమ్మదిగా అంది:

"ఆ గంటలో నా గురించి ఏమైనా అనేదా?"

టేపక్క ఆలోచించింది. మూడు నెలల ఆదివారాలూ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. తన గురించి, నాన్న గురించి, జారిపోయిన సంబంధం గురించి. చిన్నదాని గురించి దాదాపు ఏమీ లేదు. అందుకే కదా తను అంత సంతోషపడింది.

"అనేది" అంది. "నీ గురించే అనేది ఎప్పుడూ."

లోపల్నుంచి పిలిచారు. చెల్లెలు లేచి, కళ్లు తుడుచుకుని, అక్క కోసం ఆగకుండా తలుపు వైపు నడిచింది. టేపక్క వెనకాలే వెళ్లింది.