ఫిలింనగర్ మలుపుకు మెత్తటి టైర్లు

1994 ఎండాకాలం. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర నేను టైర్ల కొట్టు పెట్టి అప్పటికి కొన్నేళ్లయింది. ఫిజిక్స్‌లో బీఎస్సీ చదివి టైర్లు అమ్మడమేమిటని మా మేనమామ ప్రతి పెళ్లిలోనూ నలుగురి ముందూ అడిగేవాడు. కాలేజీలో నాకు బాగా అర్థమైన పాఠం ఘర్షణ ఒక్కటే, దాన్నే నమ్ముకున్నాను అని చెప్పేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. బహుశా ఆ పాఠం ఆయనకు లేదేమో.

అప్పట్లో జూబ్లీహిల్స్ అంటే సగం బంగళాలు, సగం బండరాళ్లు. నిర్మాతల తెల్లకార్లు, ప్రొడక్షన్ వ్యాన్లు, జనరేటర్ లారీలు మా కొట్టుకు వచ్చేవి. అందరూ టైరు గురించి అడిగేది ఒకటే: "ఎన్నాళ్లు వస్తుందండీ?" ఎంత బాగా పట్టుకుంటుందని ఎవరూ అడగలేదు. అడిగిన మొదటి మనిషి డేవిడ్.

డేవిడ్‌ది గుంటూరు. హీరోలకు డూపు. మేడల మీంచి పడటం, అద్దాల్లోంచి దూసుకురావడం అతని ఉద్యోగం. ముప్ఫై దాటాక మోకాళ్లు అభ్యంతరం చెప్పడం మొదలుపెట్టాయట. పడేవాడికి వయసుంటుంది, నడిపేవాడికి ఉండదు కాబట్టి కార్లు నడిపే పనిలోకి మారాలని అతని ఆశ. ఆ అవకాశం మొదటిసారి వచ్చింది.

"గ్రిప్ ఉండే టైర్లు కావాలండి," అన్నాడు. కుర్చీ చూపించాను. కూర్చోలేదు. కొట్టులో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే సంగతి చెప్పాడు.

ఫిలింనగర్ వెనక, షేక్‌పేట వైపు దిగే వాలు మీద ఒక మలుపు. ఎడమ పక్క తొలిచిన బండ, కుడి పక్క లోయలాంటి పల్లం, మధ్యలో రోడ్డు. పిట్టగోడ లేదు. హీరో కారు పైనుంచి ఎనభై వేగంతో దిగి, మలుపు తిరిగి, కెమెరా ముందు ఆగాలి. హీరో దిగి కళ్లద్దాలు తీయాలి. కళ్లద్దాలు తీసేది హీరో, మిగతాదంతా డేవిడ్.

"పట్టు తప్పితే?" అన్నాను.

"ఎడమకైతే బండండి. కుడికైతే నాకు పాత పనే. పడటం."

"చేయనని చెప్పొచ్చుగా?"

"ఈ పనికి మద్రాసులో నలుగురున్నారండి, ఫోన్ పక్కనే కూర్చుని."

కారు తెప్పించాడు. ఓడలో దిగిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎర్రది, పైకప్పు లేదు. మా కొట్టులో టైర్లు బిగించే యాదగిరి, షేక్‌పేట మనిషి, వెనక బంపర్ కింద చెయ్యి పెట్టి ఎత్తి చూశాడు. కారు కొంచెం లేచింది కూడా.

"ఏంది సార్ ఇది? మా ఇంట్ల బీరువా ఇంతకన్న బరువుంటది."

అసలు చిక్కు అక్కడే ఉంది. టైరు రోడ్డును తాకే చోటును కాంటాక్ట్ ప్యాచ్ అంటాం. ఒక్కో చక్రం కింద అరచేయంత ఉంటుంది. కారు ఎంత గొప్పదైనా భూమితో దాని సంబంధం ఆ నాలుగు అరచేతులే. ఇక రబ్బరు, కార్బన్, నూనెలు కలిపిన పాకాన్ని కాంపౌండ్ అంటాం. పాకం ముదిరితే టైరు చాలాకాలం వస్తుంది కానీ పట్టు తక్కువ. లేతగా ఉంటే పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. తేలిక కారుకు లేత పాకం కావాలి. ఎందుకంటే టైరును రోడ్డుకేసి అదమడానికి దాని దగ్గర బరువు లేదు.

ఆ సైజులో అలాంటి టైరు హైదరాబాదులో దొరకదు. మద్రాసులో రేసులు నడిపేవాళ్ల దగ్గర రెండు రకాలున్నాయని తెలిసింది. ఒకటి సన్నం, గాళ్లు బాగా ఉన్నది. ఈ గాళ్లనే ట్రెడ్ అంటాం. టైరు కింద చేరిన నీటిని పక్కకు తోసేవి ఇవే. రెండోది వెడల్పు, దాదాపు నున్నగా ఉంటుంది, గాళ్లు పేరుకు మాత్రమే. పొడి రోడ్డు మీద రెండోదాని పట్టుకు సాటి లేదు.

ఎక్కడైనా తడి తగిలినా ఫర్వాలేదని నేను సన్నందే మేలన్నాను. నిర్మాత కోటేశ్వరరావుగారు స్వయంగా వచ్చారు. తెనాలి మనిషి, మర్యాదకు లోటు లేదు.

"సన్నగా ఉంటే సైకిల్లా కనపడుద్దండీ. మా హీరో సైకిల్ తొక్కే పాత్రలు పోయినేడాదితో మానేశారు."

"సరేనండీ. రోడ్డు మాత్రం పొడిగా ఉండాలి."

"మే నెలలో తడెక్కడిదండీ? మా యూనిట్ మొత్తం మీద తడి అంటే చెమటే."

ఆకాశం కేసి చూశాను. ఆయన మాటకు అడ్డు చెప్పే మబ్బు ఒక్కటీ లేదు. వెడల్పువే తెప్పించాం.

యాదగిరి బిగించాక డేవిడ్, నేను ఆ మలుపు దాకా వెళ్లొచ్చాం. మెల్లగా మొదలుపెట్టి నాలుగైదు సార్లు తిరిగాడు. టైర్లు వేడెక్కేకొద్దీ కారు రోడ్డును బల్లిలా పట్టుకుంది. నేను సీటును అంతకంటే గట్టిగా పట్టుకున్నాను. డేవిడ్ మొదటిసారి నవ్వాడు.

ఆ నవ్వు మర్నాటికి లేదు. రోజూ కొట్టుకొచ్చేవాడు. టైరు చుట్టూ తిరిగేవాడు, గోటితో గిల్లేవాడు. "గాలి ఎంతుండాలండి? ఎండకు పెరిగిపోద్దా అండి? రాయి తగిలితేనో?" అన్నిటికీ జవాబులు చెప్పాను. జవాబులు విన్నకొద్దీ అతనికి కొత్త ప్రశ్నలు పుట్టేవి. కొన్నాళ్లకు ఆ జబ్బు నాకూ అంటుకుంది. అన్నం ముందు కూర్చుని ఆ మలుపు తిరుగుతుండేవాణ్ణి. "పప్పులో ఏముందని అలా చూస్తున్నారు?" అని మా ఆవిడ అడిగింది. పిట్టగోడ లేదన్నాను.

షాట్ రోజు పొద్దున నన్నెవరూ పిలవలేదు. కొట్టు తెరిచి, రెండు బేరాలు చెడగొట్టి, ఇక లాభం లేదని గాలి కొలిచే గేజీ జేబులో వేసుకుని స్కూటరెక్కాను. దారిలో ఏ పెట్రోలు బంకులోనైనా లారీకి కొట్టినట్టు గాలి కొట్టించేశారేమో చూసొద్దామన్నది నాకు నేను చెప్పుకున్న సాకు.

మలుపు దగ్గరకు చేరేసరికి రోడ్డు తళతళ మెరుస్తోంది. నీళ్ల ట్యాంకర్ ఒకటి వాలు మీద నెమ్మదిగా దిగుతూ వెనక గొట్టంలోంచి ఒలకబోస్తోంది. స్కూటర్ అడ్డం పెట్టి డ్రైవర్‌ను అడిగాను.

"ఎవరు అన్నా, నీళ్లు కొట్టమన్నది?"

"కెమెరా సారు చెప్పిండు. దుమ్ము లేస్తే బొమ్మ ఖరాబైతదంట. తడి ఉంటే రోడ్డు అద్దం లెక్క మెరుస్తదంట. జర పక్కకు తియ్యి సార్, ఇంకో రౌండున్నది."

సినిమావాళ్లకు ఇది అలవాటు. రోడ్డు మీద షాటంటే నీళ్లు కొట్టడం, ఇంట్లో షాటంటే దీపాలు పెట్టడం లాంటిది. అంత మామూలు సంగతి కాబట్టే నాకెవరూ చెప్పలేదు. నేను ఆకాశాన్ని అడిగాను కానీ ట్యాంకర్‌ను అడగలేదు.

నున్నటి టైరు, వెడల్పు టైరు, బరువు లేని కారు. ఈ మూడూ తడి రోడ్డు మీద కలిస్తే నీటిని తొక్కే బరువు ఉండదు, తోసే గాళ్లు ఉండవు. కారు నీటి మీద తేలుతుంది. దానికి తోడు ఎర్రదుమ్ము నానిన జారుడు బురద.

డేవిడ్ అప్పటికే హీరో చొక్కా, హీరో విగ్గు వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. కారు క్షేమం కోసం ఆ పొద్దున చేసిన ఏర్పాట్లు అంతవరకే.

"నీళ్లు చూశావా?"

"చూశానండి."

"మరి?"

"ఫైట్ మాస్టర్‌కి చెప్పానండి. 'భయమా?' అన్నారు." విగ్గు సర్దుకున్నాడు. "ఆ మాటొచ్చాక మా పనిలో ఇంకేం మాట్లాడతామండి? ప్రార్థన చేసుకున్నా. కారుకెటూ నిమ్మకాయలున్నాయి."



కోటేశ్వరరావుగారు మలుపుకు దిగువన రంగుల గొడుగు, మడతకుర్చీ వేయించుకుని, ఆ క్షణానికి నిలబడి టీ తాగుతున్నారు. కాంటాక్ట్ ప్యాచ్ గురించి వివరించాను. ఎంతో ఓపిగ్గా విన్నారు. "మీరు టైర్లు బాగా ఇచ్చారండీ. ఇక మాకు వదిలేయండి. టీ తాగుతారా?"

ఘర్షణ పాఠం చెప్పి లాభం లేదని అర్థమైంది. వీళ్లకు తెలిసిన భాషలో అడిగాను.

"ఒక్క రిహార్సల్ చేద్దామండీ. వేగం వద్దు. సైకిల్ వేగం చాలు. అక్కడ బ్రేకు, ఇక్కడ ఆగడం."

రిహార్సల్ వద్దనే నిర్మాత ఉండడు. దానికి ఫిలిం ఖర్చవదు. సైకిల్ వేగమే కదా అని కుర్చీని కూడా ఎవరూ జరపలేదు.

డేవిడ్ నిమ్మకాయలు తొక్కుకుంటూ బయల్దేరాడు. పెళ్లి ఊరేగింపులా మెల్లగా మలుపు దాకా వచ్చాడు. గుర్తు పెట్టిన చోట బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి. కారు ఆగలేదు. ఆగిన చక్రాలతోనే, చప్పుడు లేకుండా, ఎవరింటికో చుట్టపుచూపుగా వెళుతున్నట్టు ముందుకు వచ్చింది. లైట్‌బాయ్‌లు పక్కకు జరిగారు. నిర్మాతగారు టీ గ్లాసుతో సహా జరిగారు. కారు గొడుగును పడేసి, కుర్చీని కిందేసుకుని, అక్కడే నిలిపి ఉన్న ట్యాంకర్ చక్రానికి ముక్కు ఆనించి విశ్రమించింది.



"బ్రేకెయ్యలేదేంటయ్యా?" అన్నారు కోటేశ్వరరావుగారు.

"ఇంకా వేసే ఉన్నానండి," అన్నాడు డేవిడ్.

అందరూ అతని పాదం వైపు చూశారు. తర్వాత కుర్చీ వైపు, కుడి పక్క పల్లం వైపు చూశారు. ఫైట్ మాస్టర్ దగ్గరకొచ్చి డేవిడ్ భుజం మీద చెయ్యి వేశారు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు.

అప్పుడు కెమెరామన్ తన స్టాండు వదిలి వచ్చారు. మితభాషి. "ఎనభైలో రమ్మని ఎవరన్నారు?"

"షాట్‌లో వేగం కావాలిగా!" అన్నారు నిర్మాత.

"వేగం నా పని. అతను ముప్ఫైలో వస్తే చాలు. నేను కెమెరాలో ఫిలిం నిదానంగా తిప్పుతాను, హాల్లో మామూలు వేగంతో ఆడిస్తారు. తెర మీద ఎనభై ఉంటుంది."

నిర్మాత నావైపు చూశారు. నేను టైర్లవైపు చూశాను. మద్రాసు నుంచి అంత కష్టపడి తెప్పించిన పట్టు ఎవరికీ అక్కర్లేదని ఆ యూనిట్‌లో ఒక్కరికి మొదటినుంచీ తెలుసు. ఆయన్నెవరూ అడగలేదు. ఆయనేమో, టైర్ల గొడవ తనది కాదనుకున్నారు.

కారుతో పాటు వచ్చిన పాత టైర్లు మా కొట్టులోనే ఉన్నాయి. సన్నవే కానీ గాళ్లు లోతుగా ఉన్నవి. కబురు పెడితే యాదగిరి వాటిని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు. రోడ్డు పక్కన జాకీ పెట్టి మారుస్తుంటే అసిస్టెంట్ డైరెక్టరమ్మాయి పరుగున వచ్చింది.

"సార్, కంటిన్యుటీ! నిన్నటి క్లోజప్‌లో వెడల్పు టైర్లున్నాయి!"

"నిన్న నాకు కుర్చీ కూడా ఉందమ్మా," అన్నారు కోటేశ్వరరావుగారు.

గాలి నేనే కొలిచాను. డేవిడ్ పైకి వెళ్లాడు. కారు వాలు దిగి మలుపులోకి వచ్చింది. ఒకచోట వెనక చక్రం కొద్దిగా జారింది. అతను స్టీరింగ్ అటు తిప్పి సర్దుకున్నాడు. సన్న టైర్లు నీటిని కోసుకుంటూ వచ్చి చెప్పిన చోట ఆగాయి. యాదగిరి చేతులు తుడుచుకుంటూ, "ఈ జర్ర పనికి పొద్దుగాల్నుంచి ఎంత ఫికర్ పెట్టిన్రు సార్," అన్నాడు. డేవిడ్ దిగి, హీరో చొక్కాతోనే ఆ తడి రోడ్డు మీద కాసేపు చతికిలబడ్డాడు. మా కొట్టులో ఇన్నాళ్లూ కుర్చీ వేస్తే కూర్చోని మనిషి.

పట్టు టైరులో సగమే ఉంటుంది. మిగతా సగం రోడ్డుది. ఆ పాఠం కాలేజీలోనే చెప్పారు. రోడ్డు మీద ఆ రోజు ఇంకెవరెవరికి ఏమేం పనులున్నాయో కనుక్కోవాలన్నది మాత్రం ఫిజిక్స్‌లో లేదు. అప్పటినుంచి ఎవరైనా గ్రిప్ ఉన్న టైర్లు అడిగితే కారు సంగతి ఆఖరున అడుగుతున్నాను. ముందు ఎవరెవరు ఎక్కుతారు, ఎటు వెళతారు, ఆ దారిలో నీళ్లు ఎవరు పోస్తారు అని అడుగుతాను. కొందరు విసుక్కుని పక్క కొట్టుకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు మళ్లీ వచ్చారు.

సినిమా విడుదలయ్యాక డేవిడ్ రెండు టికెట్లు తెచ్చాడు. అప్పటికే ఇంకో రెండు సినిమాల్లో కార్లు నడిపే పని దొరికిందట. ఆ సీను రాగానే హాలంతా ఈలలు. ఎర్రకారు మెరుపులా వాలు దిగింది, ఎనభై కాదు, నూరు అనిపించింది. మలుపు తిరిగి ఆగింది. హీరో కళ్లద్దాలు తీశాడు. కాగితం ముక్కలు ఎగిరాయి.

డేవిడ్ నా చెవి దగ్గరకు వంగాడు.

"మలుపులో తలుపు మీద ఒక మోచెయ్యి కనపడిందండి, చూశారా?"

"చూశాను."

"అది నాదేనండి," అన్నాడు.