అమ్మ ఇచ్చిన వాంగ్మూలం

ఆ రోజు ఉదయం ఆరూ నలభైకి నేను ఇంటికి తాళం వేశాను. ముందు లోపలి తలుపుకి, తర్వాత వరండా గ్రిల్లుకి. రెండు తాళంచెవులూ చొక్కా జేబులో వేసుకున్నాను. ఇంట్లో ఎవరూ లేరు. నన్ను నేను చాలాసార్లు అడిగిన ప్రశ్న ఇదే కాబట్టి, జవాబు ముందే రాస్తున్నాను.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. విరిగిన ఇనప ముక్కలు పరీక్షించి, ఎందుకు విరిగాయో రాయడం నా ఉద్యోగం. కారణం దొరక్కపోతే "కారణం తెలియలేదు" అని రాసి సంతకం పెడతాం. అంతకుమించి ఒక్క మాట కూడా రాయం. ఇది కూడా అలాగే రాయాలని ప్రయత్నిస్తున్నాను.

మాది జంషెడ్‌పూర్‌లో సోనారి. అమ్మ టెక్కలి దగ్గర నుంచి పెళ్ళయి ఇక్కడికి వచ్చింది. నాన్న కార్ఖానాలో ఫిట్టరు. ఆయన పోయాక ఇల్లు అమ్మ పేరు మీదికి వచ్చింది. నా భార్య కుసుమది ఫిజీ. ఆమె ముత్తాత చెరకు తోటల్లో పనికి మన వైపు నుంచే ఓడెక్కి వెళ్ళాడట. ఆమె విశాఖపట్నంలో చదువుకోవడానికి వచ్చింది. అక్కడ మేమిద్దరం ఒకే తరగతి.

కాగితాల మీద కుసుమ విదేశీయురాలు. సోనారి బజారులో మాత్రం ఎవరూ అలా అనుకోలేదు. ఫిజీ వాళ్ళ హిందీ భోజ్‌పురికి దగ్గర. కూరగాయలమ్మే ఆవిడ, "మీది ఆరా జిల్లానా, ఛప్రానా?" అని అడిగేది. ఇక్కడే పుట్టిన నా హిందీ విని మాత్రం, "మీరు మద్రాసీనా?" అనేది. ఇంట్లో కుసుమ అమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంది. కాబట్టి ఆమె తెలుగంతా మా అమ్మ తెలుగే. "ఏటి", "వత్తన్నా" అంటుంది. ఆ మాటలు నా నోట ఎప్పుడో పోయాయి.

ఏడాదికోసారి ఆమె నివాస అనుమతి పొడిగించుకోవాలి. నిబంధనలు ఏ రెండేళ్ళూ ఒకలా లేవు. ఒక ఏడు కాగితాలన్నీ పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చాం. మరుసటి ఏడు అవే కాగితాలు చేత్తో ఇస్తే తీసుకోం అన్నారు, అన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. తర్వాతి ఏడు కరెంటు బిల్లు, ఆ పై ఏడు స్టాంపు కాగితం మీద నా హామీ. ఒక్కటి మాత్రం మారలేదు. ఠాణా నుంచి ఒక కానిస్టేబుల్ ఇంటికి వచ్చి విచారించేవాడు.

ఈ పొడిగింపులేవీ అక్కర్లేకుండా, భారతీయుల్ని పెళ్ళాడిన విదేశీయులకి ఇచ్చే జీవితకాలపు కార్డు ఒకటుంది. మా పెళ్ళి గుడిలో జరిగింది. రిజిస్టర్ చేయించడం నాలుగేళ్ళు వాయిదా వేశాం. రిజిస్టరయ్యాక రెండేళ్ళు నిండితేగాని ఆ కార్డుకి అర్హత రాదన్నారు. ఆ బద్ధకం నాదే.

మొదటిసారి విచారణకి వచ్చినతను వయసు మళ్ళినవాడు. వరండాలో కూర్చుని, హిందీలో పెద్దావిడని పిలిచినట్టు అమ్మని "మాజీ" అని పిలిచి, "ఈమె విదేశీయురాలేనా?" అని అడిగాడు.

అమ్మ బజారు హిందీలో, "కైసా విదేశీ? మేరా భాయీకా బేటీ" అంది. నా తమ్ముడి కూతురు అని. అమ్మకి తమ్ముడే లేడు.

అతను రాస్తున్నవాడల్లా ఆగాడు. "మరి మీ అబ్బాయి భార్య అన్నారు?"

"అవును. నా తమ్ముడి కూతుర్ని నా కొడుక్కి చేసుకున్నాను."

అతను నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళ వైపు మేనమామ కూతురంటే చెల్లెలితో సమానం. "రామ్ రామ్" అనుకుంటూ, ఇచ్చిన టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయాడు. భారతీయురాలి తమ్ముడి కూతురు ఫిజీ పౌరురాలు ఎలా అయిందో వివరించమని నెలలోపే అభ్యంతరం వచ్చింది. నేను అఫిడవిట్ ఇచ్చి ఆ మాట కొట్టివేయించాను.

ఎందుకమ్మా అబద్ధం చెప్పావని కోప్పడ్డాను. "ఏట్రా అబద్దం? ఉత్త కోడలైతే దేశం నుంచి తోలేత్తారేమో గానీ, మేనకోడల్ని ఎవులైనా తోలేత్తారా?" అంది. ఇంకెప్పుడూ చెప్పనని నాకు మాటిచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో విచారణ కాగితాల్లో "సాస్", అంటే అత్తగారు, అనే ఉంది.

తర్వాత అమ్మ పోయింది. మూడు వారాలు ఆస్పత్రిలో ఉంది. అన్నం కలిపి పెట్టింది, జడ వేసింది, నర్సులతో గొడవపడింది అంతా కుసుమే. చివరి రోజుల్లో అమ్మ నన్ను గుర్తుపట్టలేదు. ఆమెను గుర్తుపట్టేది.

అమ్మ పోయిన ఎనిమిదో నెలలో పొడిగింపు గడువు దగ్గరపడితే దరఖాస్తు పెట్టాం. నిబంధన మళ్ళీ మారింది. విచారణ సమయంలో ఇంటి యజమాని స్వయంగా వాంగ్మూలం ఇవ్వాలట. ఇల్లింకా అమ్మ పేరు మీదే ఉంది. నేను ఇస్తే చెల్లుతుందా అని అడగడానికే ఆ ఉదయం ఇద్దరం మానగో బస్‌స్టాండుకి వెళ్ళి రాంచీ బస్సెక్కాం. వెళ్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు.

రాంచీలో విదేశీయుల నమోదు ఆఫీసులో మర్యాదగానే మాట్లాడారు. అమ్మ మరణ ధ్రువపత్రం చాలదన్నారు. వారసత్వ పత్రం తెమ్మన్నారు. దానికి నెలలు పడుతుంది. గడువు ఇంకా తొమ్మిది రోజులు. ఈలోగా అనుమతి రాకపోతే కుసుమ దేశం వదలాలి. మళ్ళీ ఎప్పుడు రానిస్తారో తెలియదు.

బయటికి వచ్చి ఫోన్ తీసుకుంటే, పదకొండూ అయిదుకి తెలియని నంబరు నుంచి రెండు కాల్స్ ఉన్నాయి. ఆఫీసులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. విచారణకి వచ్చిన కానిస్టేబులే అయి ఉంటాడని ఇద్దరికీ అర్థమైంది.

తిరుగు బస్సులో కుసుమ, "ఏటి రాసుంటాడు?" అంది.

ఇంట్లో ఎవరూ లేరని రాసుంటాడు. అలా రాస్తే దరఖాస్తు అక్కడితో ముగిసినట్టే.

ఏడింటికి ఇల్లు చేరాం. రెండు తాళాలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ గోడవైపు కాక వీధివైపు తిరిగి ఉందని కుసుమ అంది. దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. పొద్దున నేనే అలా వదిలి ఉండొచ్చు.

మూడో రోజు కంప్యూటర్లో చూస్తే, "విచారణ పూర్తయింది, అభ్యంతరం లేదు" అని ఉంది. నమ్మలేక ఇద్దరం ఠాణాకి వెళ్ళాం. ఈసారి కానిస్టేబుల్ కొత్తవాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి, సివాన్ వైపు భోజ్‌పురి మనిషి. కుసుమ రెండు మాటలు మాట్లాడగానే, "అరే, మా నానమ్మ మాట్లాడినట్టే ఉంది!" అని నవ్వాడు. కూర్చోమన్నాడు.

"మీరు లేకపోయినా పని ఆగలేదు సార్. మాజీ అంతా చెప్పారు కదా" అన్నాడు.

ఏ మాజీ అని అడిగాను.

"మీ అమ్మగారు. చిన్న మనిషి, ముక్కుకి రెండు వైపులా పుడకలు. గ్రిల్లు తీసే ఉంది. పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. పిల్లలు రాంచీ వెళ్ళారు, చీకటి పడేసరికి వచ్చేస్తారన్నారు. నీకు అమ్మ ఉందా, ఎన్నాళ్ళకోసారి ఫోన్ చేస్తావు అని నన్నే విచారించారు!" అన్నాడు. సంతకం పెట్టమంటే, కళ్ళజోడు కోడలు దాచేసింది, వేలిముద్ర వేస్తానందట.

రిజిస్టరు మా వైపు తిప్పాడు. హిందీలో నాలుగు పంక్తులు. ఇల్లు నాది. ఈ అమ్మాయి నా సొంత తమ్ముడి కూతురు. నా ఇంట్లోనే ఉంటుంది. ఎక్కడికీ పోదు. కింద నీలం సిరాతో బొటనవేలి ముద్ర. వేలిముద్ర చూసి మనిషిని గుర్తుపట్టే చదువు నాకు లేదు. అమ్మ ఎప్పుడూ సంతకమే పెట్టేది, కాబట్టి పోల్చడానికి ఇంట్లో మరో ముద్ర కూడా లేదు.

అతను గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి సార్. తమ్ముడి కూతుర్ని కొడుక్కి చేసుకోవడం మీ వైపు చెల్లుతుందా?"

కుసుమ ఏదో చెప్పబోయింది. అమ్మ పోయిందని చెప్పబోయిందని నాకు తెలుసు. చెబితే ఆ నాలుగు పంక్తులూ చెల్లవు.

"చెల్లుతుంది" అన్నాను.

మాజీకి నమస్కారం చెప్పమన్నాడు. చెప్తానన్నాను.

బయట స్కూటర్ దగ్గర కుసుమ, "అత్తమ్మ కళ్ళజోడు నా బీరువాలో ఉంది" అంది. అమ్మ వస్తువులతోపాటు దాన్ని కూడా నదిలో వదిలేసిందని నేననుకున్నాను. వదల్లేదట. ఎవరికీ చెప్పలేదట, నాకు కూడా.

తర్వాత నేను చేయగలిగిన విచారణ నేనూ చేశాను. రెండు వైపులా ముక్కుపుడకలున్న తెలుగు ముసలివాళ్ళు మా చుట్టుపక్కల ముగ్గురున్నారు. ముగ్గురినీ మాటల్లో పెట్టి అడిగాను. ఆ రోజు మా వీధికి ఎవరూ రాలేదు. ఎదురింటావిడ పోలీసు మోటార్‌సైకిల్ చూసింది. అతను మా వరండాలో మాట్లాడుతుంటే ఫోన్లో అనుకుందట. వరండా లోపలా, గ్రిల్లు బయటా అని అడిగితే సరిగా చెప్పలేకపోయింది.

కానిస్టేబుల్ ఇవన్నీ ఊరికే రాసుకున్నాడనుకోవచ్చు. పాత ఫైలు చూసి రాశాడనుకుంటే, నిరుటి కాగితంలో "సాస్" అని ఉంది. తమ్ముడి కూతురన్న మాట, కొట్టివేయించిన మొదటి కాగితంలో తప్ప ఎక్కడా లేదు. అట్టడుగున ఉన్న ఆ కాగితాన్ని పనిగట్టుకుని తీశాడనే అనుకుందాం. రాంచీ సంగతి అతనికెలా తెలిసింది? కళ్ళజోడు మాట ఎందుకు వచ్చింది? మళ్ళీ వెళ్ళి అతన్ని గట్టిగా అడగొచ్చు. నేను అడగలేదు. అడిగితే కుసుమ వెళ్ళిపోవాల్సి వస్తుందన్న భయం ఒక కారణం. రెండో కారణం, అతను అబద్ధమని ఒప్పుకుంటాడేమోనన్న భయం.

నేను చేసింది తప్పే. ఏ అబద్ధానికి అమ్మని కోప్పడ్డానో, చివరికి దాన్నే నా నోటితో ఖాయం చేశాను.

గడువుకి రెండు రోజుల ముందు అనుమతి వచ్చింది. అయిదు నెలలకి, రిజిస్ట్రేషన్ అయి రెండేళ్ళు నిండగానే, జీవితకాలపు కార్డుకి దరఖాస్తు పెట్టాం. అది పోయిన నెల వచ్చింది. అందుకే ఇప్పుడు ఇదంతా రాయగలుగుతున్నాను. కారణం తెలియలేదు. ఇప్పటికీ అంతే.

కుసుమ కార్డుని రెండు వైపులా చదివింది. ఇంక పోలీసులు రారా అని అడిగింది. రారన్నాను.

"అత్తమ్మని అడగడానికి కూడానా?" అంది.

ఆ కార్డుకి ఏటేటా పొడిగింపు లేదు. మా ఇంటికి ఇప్పుడు విచారణకి ఎవరూ రారు.