టాక్సు కట్టాలని మామగారి పంతం

ఇన్‌కమ్ టాక్సు తప్పించుకోవడానికి నానా తంటాలూ పడేవాళ్ళను చాలామందిని చూశాను. కట్టి తీరతానని ఆఫీసుకెళ్ళి దెబ్బలాడిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఆయన మా మామగారు.

పెళ్ళయి నేను భిలాయి వచ్చిన రెండో ఏడు అది. మా ఆయనకు ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, సెక్టర్ 2లో క్వార్టరు. అందులో మేమిద్దరం, అత్తగారు, మామగారు. మామగారు చీపురుపల్లి వైపు ఒక మాంగనీసు గనుల కంపెనీలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేశారు. రోజుకు ఎన్ని బళ్ళు లోడయ్యాయో రాసుకోవడం ఆయన పని. ఆ కంపెనీ నెలనెలా మనియార్డరుగా పంపే పింఛను, పోస్ట్‌మాన్‌కు టీ ఇప్పించి ముక్కుపొడుం డబ్బా కొనుక్కుంటే అయిపోయేంత ఉండేది.

ఒకరోజు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మా ఆయన డ్యూటీలో ఉన్నారు గనుక నేనే చదివాను. ఇలాంటి చిన్నాచితకా పింఛన్లు ఇక నెలనెలా పంపలేం, మొత్తం ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకుంటాం అని దాని సారాంశం. చివర ఒక మెలిక ఉంది. ఆ మొత్తంలో సగానికి టాక్సు లేదు. మిగతా సగం ఆ ఏడాది ఆదాయం కింద లెక్క. టాక్సు పడేంత ఆదాయం ఈయనకు లేదని టాక్సు ఆఫీసు నుంచి కాగితం తెస్తే అంతా పంపుతారు. తేకపోతే కొంత కోసుకుని పంపుతారు.

ఆ డబ్బు మీద ఆశ పెట్టుకున్నది అత్తగారు. ఊళ్ళో ఉండగా ఆవిడ చేతిమిషను మీద వీధి వీధంతటికీ రవికలు కుట్టేవారట. కుడి మణికట్టు విరిగి వంకరగా అతుక్కున్నాక చక్రం తిప్పలేక మిషను అమ్మేశారు. కాలితో తొక్కే మిషనయితే మళ్ళీ కుట్టగలరు. అది కొంటానని మామగారు మాటిచ్చారు. పక్కనున్న దుర్గ్ వెళ్ళి ధర కూడా కనుక్కొచ్చాం. మొత్తం డబ్బు వస్తే కాలిమిషను వస్తుంది. కోత పడితే చేతిమిషనే.

ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాను. మా వరస క్వార్టర్ల సంగతి అప్పటికి నాకింకా పూర్తిగా తెలియదు.

జీతాల రోజు సాయంత్రం మా వరస తెలుగువాళ్ళంతా మంచాలు బయట వేసుకుని కూర్చునేవారు. వాళ్ళలో ఒక ఫోర్‌మన్‌గారు ప్రతి నెలా, టాక్సు పీకేస్తున్నారని నెత్తి కొట్టుకునేవారు. ఆయన బాధపడుతున్నారని ఎవరూ అనుకోలేదు. టాక్సు పడిందంటే ఆఫీసర్ల బంగళాలకు సగం దారి వచ్చినట్టే. ఆయన మొదలుపెట్టగానే మరో ముగ్గురు తమకూ పీకేస్తున్నారని అందుకునేవారు. మామగారు చెప్పుకోవడానికి ఏమీ లేక ముక్కుపొడుం పీల్చేవారు.

ఉత్తరం వచ్చిన నెల ఆయనకూ మాట దొరికింది. ముసలివాణ్ణని కూడా చూడకుండా తన పింఛను మీద పడ్డారని వాపోయారు. ఫోర్‌మన్‌గారు జరిగి మంచం మీద చోటిచ్చారు. వారం తిరిగేసరికి మామగారికి గనుల్లో వాటా ఉందని పుకారు పుట్టింది. శ్రీరామనవమి పందిరికి మా ఇంటి చందా రెట్టింపు చేశారు. కిరాణాకొట్టు భయ్యా ఆయనకు స్టూలు వేయడం మొదలుపెట్టాడు. మామగారు దగ్గడం కూడా మార్చేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

బతిమాలి ఆయన్ని టాక్సు ఆఫీసుకు తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా కాగితాలు చూసి, బాబాజీకి టాక్సు పడదని, ఇక్కడ సంతకం పెట్టమని హిందీలో మర్యాదగానే చెప్పాడు. మామగారు పడుతుందన్నారు. అతను పడదన్నాడు. ఈయన మళ్ళీ సరిగ్గా చూడమన్నారు. పోనీ ఇప్పుడు కోయించుకున్నా తర్వాత రిటర్ను వేస్తే ఆ డబ్బు వెనక్కి ఇచ్చేస్తామని పాపం అతను ఊరడించబోయాడు. అది మామగారికి మరీ తలవంపులుగా తోచింది. ఇచ్చింది వెనక్కి పుచ్చుకునే మనిషిని కానని విసురుగా లేచి వచ్చేశారు. బస్సులో నేను వేరే సీట్లో కూర్చున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు పక్కింటివాళ్ళ చేతిమిషను అడిగి తెచ్చుకుని, ఎడంచేత్తో చక్రం తిప్పడం నేర్చుకుంటున్నారు. గుడ్డ జారిపోతోంది. కుట్టు ఎటో పోతోంది. జరిగిందంతా చెప్పి మామగారిని ఎడాపెడా ఆడిపోసుకున్నాను.

"పోనీలేమ్మా," అన్నారావిడ. "ముప్పయ్యేళ్ళు ఒకరి బళ్ళు లెక్కెట్టినారు. ఈయన్ని ఎవులూ లెక్కెట్టనేదు. ఒక్కపాలి లెక్కలోకి రానీ."

మామగారు గుమ్మంలో చెప్పులు విప్పుతూ విన్నారు. వచ్చి పక్కన కూర్చుని చక్రం తనే తిప్పారు. ఆ రవిక చేతులు రెండూ అయ్యేదాకా తిప్పారు. మర్నాడు నాకంటే ముందే తయారై కూర్చున్నారు.

అయితే ఆఫీసుకు వెళ్తే గుమాస్తా ఇంకో సంగతి చెప్పాడు. ఆదాయం లేదన్న ఆ అర్జీ మీద ఈయన్ని ఎరిగినవారు ఒకరు సాక్షి సంతకం పెట్టాలట. ఆ సాక్షి టాక్సు కట్టేవాడై ఉండాలట. మా వరసలో అలాంటివాళ్ళకు కొదవేమిటని ధీమాగా వచ్చాం. ఫోర్‌మన్‌గారు కళ్ళజోడు కనబడటం లేదన్నారు. అది ఆయన ముక్కు మీదే ఉంది. రెండో ఆయన ఈమధ్య తన సంతకం కుదరడం లేదన్నారు. మూడో ఆయన డ్యూటీకి వెళ్ళిపోయారని తలుపు వెనకనుంచి ఆయనే చెప్పారు. నాలుగో గుమ్మం దగ్గరకొచ్చేసరికి నాకిక నవ్వు ఆగలేదు. మా వరస మొత్తానికి టాక్సు కట్టే మనిషి ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం ఫోర్‌మన్‌గారు పెరటి వైపు నుంచి వచ్చి, ఎవరితోనూ అనవద్దని మామగారి చేతులు పట్టుకున్నారు. మామగారు ఆయనకు మాటిచ్చి, టీ ఇప్పించి పంపారు. చివరికి బంగళాల్లో ఉండే ఒక తెలుగు ఇంజనీరుగారు, అంతకుముందు ఎన్నడూ చూడని మామగారిని చాలాకాలంగా ఎరుగుదునని సంతకం పెట్టేశారు.

కొన్నాళ్ళకు టాక్సు ఆఫీసు కాగితం వచ్చింది. ఇక కాలిమిషను ఖాయం. గెలిచానని నేను పొంగిపోతున్నాను. ఏం రాశారో చదివి చెప్పమని అత్తగారు అడిగారు. నేను నోరు తెరవబోతే మామగారు ఆపి కాగితం తీసుకున్నారు. నవ్వుతూనే మొదలుపెట్టారు గాని మధ్యలో ఆగి ముక్కుపొడుం డబ్బా కోసం తడుముకున్నారు. నా పొంగంతా అక్కడితో చల్లారింది. ఆయన్ని అన్ని మాటలు అన్నందుకు సిగ్గేసింది.

"ఏటుందీ, ఈ మనిషి సెప్పుకోదగ్గది ఏటీ సంపాదించనేదని గవర్నమెంటు ముద్దరేసి ఇచ్చింది," అన్నారు మామగారు.

అత్తగారు ఆ కాగితం తీసుకుని, మడిచి, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టారు.

"ఆళ్ళకేటి తెలుసు?" అన్నారు. "నన్నడిగినారా?"