నడిచే మెట్ల కాడి అన్న

వడమాలపేట రోడ్డులో మాల్ ఉండాది గదా, ఆడ నడిచే మెట్ల దగ్గర నిలబడి ఆడోళ్ళను చెయ్యి పట్టి ఎక్కించే అన్న మొన్న తెల్లవారుజామున పోయినాడు. నేను గేటు కాడ పూలగంప దించకముందే వదిన ఏడుపు ఇనబడింది. పేపరోళ్ళు ఇట్లాంటోళ్ళ గురించి రాయరు. నాకు రాయను రాదు. అందుకే చెప్పి రాయిస్తా ఉండాను.

మాల్ తెరిచిన కొత్తలో చుట్టుపక్కల పల్లెలన్నీ ఆటోల్లో దిగినాయి. కార్వేటినగరం నుంచి కూడా వచ్చినారు. ఆడోళ్ళు ఆ మెట్ల తళతళ చూసి, గుడి మెట్ల కాడ మాదిరి చెప్పులు విడిచినారు. అంగళ్ళల్లో పనిచేసే టై కట్టుకున్న పిల్లోళ్ళు పైనుంచి చూసి పడీపడీ నవ్వినారు. అన్న నవ్వలేదు. ఆ చెప్పులన్నీ చంకన పెట్టుకొని వాళ్ళ ఎనకాలే పోయి, పైన కాళ్ళ ముందర పెట్టేవాడు. "ఈ మెట్లకి మొక్కాల్సిన పన్లేదు తల్లీ. కదలకుండా నిలబడు. నీ జన్మలో నువ్వు చెయ్యక్కర్లేని పని ఇదొక్కటే" అనేవాడు.

నన్ను ఎక్కించిన దినం భయంతో ఆయన చెయ్యి రక్కేసినాను. "పూలమ్మా, నీకంటే ఈ మెట్లే మేలు, గోళ్ళు లేవు" అన్నాడు. నన్ను గేటు కాడ నుంచి తరమమని మేనేజరు చెప్తే, "తరిమినాను సార్, మళ్ళా వచ్చింది" అని రోజూ అదే మాట.

తర్వాత ఊళ్ళో ఇంకా పెద్ద మాల్‌లు వచ్చినాయి. జనం ఫోన్లలో కొనడం నేర్చినారు. అంగళ్ళు ఒకటొకటే షట్టర్లు దించేసినాయి. ఒకనాడు మెట్లు కూడా నిలిచిపోయినాయి. టై పిల్లోళ్ళల్లో ఒక్కడూ మిగల్లేదు. అన్న మాత్రం ఎనక గదిలో వదినతో ఉండి, పావురాల రెట్ట కడిగి, నిలిచిన మెట్లే తుడిచేవాడు.

"ఎవురొస్తారని తుడుస్తా ఉండావన్నా?"

"వస్తే? వట్టి కాళ్ళకి దుమ్ము అంటదూ?"

ఇప్పుడు కొత్త కంపెనీ కొనింది. ముందర హోటలంట, ఎనక అపార్ట్‌మెంట్లంట. వాళ్ళ మేనేజరు నిన్ననే వచ్చి గది ఖాళీ చెయ్యమన్నాడు. ఆ గదిలోనే అన్న ప్రాణం పోయింది. ప్రాణం పోయిన చోట పెట్టిన దీపం పెద్దదినం దాకా, అంటే పెద్దకర్మ అయ్యేదాకా, ఆరకూడదు, కదలకూడదు. వదిన అడిగింది ఆ కొన్ని దినాలే.

"దీపం యాడైనా పెట్టుకోవచ్చు గదా అవ్వా" అన్నాడు ఆ మేనేజరు.

"మీ నాయన పోతే పక్కింట్లో పెట్టినావా?" అనింది వదిన.

"ఆయన మా స్టాఫ్ కాదు. పాతోళ్ళ మనిషి."

పాతోళ్ళకి చెప్పి పంపితే, మాల్ అమ్మేసినాము, మాకేం సంబంధం అన్నారు. బతికినన్నాళ్ళూ వాళ్ళ మెట్లు తుడిచినోడు చచ్చినాక ఎవురి మనిషీ కాకుండా పోయినాడు. చదివే అయ్యలారా, అమ్మలారా, మీలో ఎందరి చెయ్యి పట్టుకున్నాడో ఆయన. నేను అంగడి అడగలేదు, ఇల్లు అడగలేదు. పెద్దదినం దాకా ఆ గది మూల ఒకటి.

ఈ మధ్యాన్నం కొత్త కంపెనీవోళ్ళు కూలోళ్ళను పంపి తలుపూ, కిటికీ రెక్కలూ పీకించుకొని పోయినారు. గదిలోకి ఒకటే గాలి, దుమ్ము. వదిన ఒక పక్క, నేనొక పక్క కొంగులు అడ్డం పట్టుకొని కూసున్నాము. మా నడుమ దీపం చిన్నదైపోయి, మళ్ళా లేస్తా ఉండాది.