ఓబులేసు గారి గోధుమ చేను

నిన్న పొద్దున మేడ మీద గులాబీ కుండీల దగ్గర నా మనవరాలు ఎరువు పొట్లం కత్తిరించింది. తెల్లటి పలుకులు. ఆ ఘాటు ముక్కులో గుచ్చుకుని కళ్ళల్లో నీళ్ళు తెప్పించింది. "ఆగమ్మా, ఎండిన మట్టి మీద చల్లకు, ముందు తడి చూడు" అని కేకేశాను. "అరే తాతా, థోడా సా హీ తో హై" అని నవ్వేసింది. మేం తెలుగులో అరిస్తే పిల్లలు హిందీలో నవ్వడం ఈ ఉక్కు ఊళ్ళో, మా బారిడీహ్ ఇళ్ళల్లో మామూలే. కొంచెమే కదా అని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు బుద్ధి నేర్పిన మనిషి ఓబులేసు గారు. ఆయన్ని మీరు చూసి ఉండరు. పొట్టిగా, కాలిన ఇటుక రంగులో ఉండేవారు. చేను గట్టు రాగానే చెప్పులు విప్పి చంకలో పెట్టుకునేవారు. అదేమిటని అడిగితే, చెప్పులేసుకుంటే నేల సంగతి కాళ్ళకు తెలియదనేవారు.

అది అరవైల నడిమి మాట. వానలు మొహం చాటేసిన ఏళ్ళవి. అప్పట్లో మాది ఇదే ఊళ్ళో సీతారాండేరా పేట. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చి, ఉక్కు కర్మాగారంలో బొగ్గు బట్టీల వాయువు నుంచి అమ్మోనియం సల్ఫేటు తీసే విభాగంలో పనిచేసేవాడు. ఇంటికొస్తే ఆయన చొక్కా నిండా ఆ ఘాటే. నేనూ కర్మాగారంలోనే చేరాలని ఆయన ఆశ. చూపు పరీక్షలో తప్పాను. ఇరవై మూడేళ్ళ వయసులో, సువర్ణరేఖ ఏటికి ఆవల ఒక చిన్న వ్యవసాయ ప్రయోగ క్షేత్రంలో సహాయకుడిగా కుదిరాను. "ఇనుం కరిగించే ఊర్లో ఉండి నాగలట్టుకుంటావేట్రా!" అని నాన్న రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ క్షేత్రానికి పెద్ద ఓబులేసు గారు. ఆయనది అనంతపురం వైపు. వాన చుక్క కోసం ఆకాశాన్ని బతిమాలే సీమ నుంచి వచ్చి, మా వరి మనుషుల మధ్య ఒంటరిగా పడ్డారు. మధ్యాహ్నం డబ్బా విప్పి పుట్నాల పొడి కలుపుకుంటూ, ఈ ఊళ్ళో ఉక్కు దొరుకుతుంది గాని పిడికెడు రాగి పిండి దొరకదని రోజూ ఒకసారైనా వాపోయేవారు.

నాకు ఆయన చెప్పిన మొదటి పాఠం పుస్తకంలో లేదు. వర్షాకాలం వెళ్ళిపోతున్న రోజుల్లో నన్ను మెట్ట చేలో కూర్చోబెట్టి, మణికట్టు మునిగేదాకా మట్టిలో చెయ్యి పెట్టమన్నారు. లోపలి నుంచి తీసిన మట్టిని పిడికిట్లో నొక్కించారు. ముద్దయింది. "ఇప్పుడు వదులు" అన్నారు. నేల మీద పడి పొడిపొడిగా విడిపోయింది. "ఇది పదును. అంటుకుంటే తొందర, దుమ్ముగా రాలితే ఆలస్యం. దాసూ, మీది వరి బుద్ధి. నీళ్ళు కంటికి కనపడుతుంటే ఏమేసినా నడుస్తాది. ఈడ నీళ్ళు కనపడవు. నేల కడుపులో దాచిపెట్టుకోని ఉంటాది. దానికి మూత పెట్టేదే మన సేద్యం" అన్నారు. వానలున్నప్పుడే నాగలి లోతుగా వెళ్ళాలి, నీరు దిగడానికి. వాన ఆగాక ఇక నాగలి లేదు. తెల్లవారుజామున రెండు వేళ్ళ లోతు మాత్రం గుంటక నడిపి, వెంటనే చెక్క పలక లాగి పైమట్టిని పొడిచేసి సర్దాలి. ఆ పొడి మట్టే మూత. గుంటక ఈ ప్రాంతంలో ఎవరికీ తెలియదు. బిష్టుపూర్‌లో ఒక కమ్మరి చేత లారీ స్ప్రింగు పట్టీని సాగగొట్టించి, అడ్డకత్తిగా బిగించి ఆయనే తయారు చేయించారు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నాన్న నా ఉద్యోగం ఏపాటిదో చూద్దామని క్షేత్రానికి వచ్చాడు. గుంటక వెనక నడుస్తున్న ఓబులేసు గారిని చూసి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "ఏటి సారూ, నేలకి గడ్డం గీత్తన్నారా?" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఓబులేసు గారు మాత్రం పగలబడి నవ్వారు. "గడ్డమే అన్నా గీసేది. తోలు తెగిందా, నెత్తురంతా పోతాది!" అన్నారు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ స్నేహం కుదిరింది. నాన్న అమ్మ చేత చేపల పులుసు చేయించి నాతో పంపేవాడు. ఆయన మొహమాటంగా పుచ్చుకుని, అంత పులుపు ఎలా తింటారని నన్ను తిట్టేవారు.

ఆ ఏడు క్షేత్రం దాటి, పక్క పల్లెలో ఒక రైతు చేలో గోధుమ వేసి చూపించాలని పైనుంచి ఆదేశం వచ్చింది. ఒప్పుకున్నది ఫూలమణి అనే ఆదివాసీ విధవరాలు. ఇద్దరు పిల్లలు. వరి అప్పటికే ఎండిపోయింది. ఉన్నది ఒక్క మెట్ట చెక్క. అందులో ఏటా ఉలవలు చల్లుకునేది. వాన పడినా పడకపోయినా ఉలవలు ఎంతో కొంత ఇస్తాయి, ఎండాకాలం పిల్లల కడుపులకు అదే ఆధారం. ఆ ఉలవలు మానుకుని ఆమె మా గోధుమకు చోటిచ్చింది. ఓబులేసు గారు ఆ విత్తనాల రోజు ఎవరినీ నమ్మలేదు. సాలులో వెదురు గొట్టంతో ఎరువు లోతుగా జారవిడిచి, దానికి పైన, కాస్త పక్కగా తడి తగిలే చోట విత్తనం వేయించారు. "ఉన్నదంతా ఒక్కసారే. మళ్ళా పైన చల్లేది లేదు. తడి ఎంతో తిండి అంతే. పెట్టింది అరిగించుకునేదానికి నీళ్ళుండద్దా?" అని రెండుసార్లు చెప్పారు.

డిసెంబరులో వాళ్ళమ్మకు జబ్బు చేసిందని ఓబులేసు గారు ఊరెళ్ళారు. చేను నా చేతిలో పడింది. పైరు పొట్టిగా, పాలిపోయినట్టు ఉంది. నాకు భయం పట్టుకుంది. ఇంట్లో చెబితే నాన్న తేలిగ్గా తీసిపారేశాడు. "పిలకలేసినప్పుడు మనూర్లో వరికి సల్లమేటి? గుప్పెడు సల్లీ, ఎందుకు లెగదో సూద్దాం" అన్నాడు. జనవరిలో చిన్న జల్లు పడింది. పైమట్టి తడిసింది. ఆ తడిని చూసి నా వరి బుద్ధి ఉబ్బిపోయింది. క్షేత్రం నుంచి ఎరువు సంచీ మోసుకెళ్ళి, ఊళ్ళో మా తాత చల్లినట్టే చెయ్యి విసురుతూ చల్లాను. చివర ఒక పట్టీ మిగిలిపోయింది, సంచీ ఖాళీ అయింది. పది రోజుల్లో చేను నల్లపచ్చగా లేచింది. ఫూలమణి గట్టున నిలబడి నవ్వింది. నేను ఆ పల్లెలో దొరలా నడిచాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తిరిగొచ్చిన ఓబులేసు గారు గట్టు మీదే ఆగిపోయారు. నేను మెప్పు కోసం ఎదురు చూస్తున్నాను. ఆయన చేలోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని మణికట్టు దాకా చెయ్యి పెట్టారు. పిడికిలి తెరిస్తే దుమ్ము రాలింది. "చల్లినావా?" అన్నారు. "కొంచెమే సార్" అన్నాను. ఆయన తిట్టలేదు. "ఉన్న నీళ్ళన్నీ ఆకులకే తాగించేసినావు నాయనా. గింజకు ఏం మిగిల్నాది?" అన్నారు. ఫిబ్రవరిలో వేడి పడమటి గాలి తిరిగింది. వారం తిరక్కుండానే చేను తెల్లబడింది. కంకి నలిపితే అరచేతిలో జీలకర్ర లాంటి తాలు. నేను చల్లని పట్టీలో మాత్రం పొట్టి మొక్కలు నిబ్బరంగా నిలబడి గట్టి గింజ పోసుకున్నాయి.

నాన్న వచ్చి తప్పు తనదని ఆయనతో చెప్పాడు. "మీరు చెప్పినారు అన్నా, చల్లింది ఈయప్ప" అన్నారాయన. నన్ను వెంటబెట్టుకుని ఫూలమణి ఇంటికి నడిచారు. దారిలో ఒక్కటే మాట: "చేసింది నువ్వే చెప్పల్ల. నేను పక్కన నిలబడతా." చల్లింది నేనేనని వచ్చీరాని హిందీలో చెప్పాను. గాలి మీదో వాన మీదో పెట్టి తప్పించుకోవచ్చు, ఆమెకు తెలిసే అవకాశమే లేదు. ఆమె చేటలోని తాలును చేత్తో కలిపి చూసింది. "కుల్థీ బోతే తో బచ్చా లోగ్ ఖాతా" అంది. ఉలవలేసుకుంటే పిల్లలు తినేవాళ్ళని. ఆ వేసవంతా మా ఇంటి రేషను గోధుమలో సగం అమ్మ మూటగట్టి ఇచ్చేది, నేను మోకాలి లోతు సువర్ణరేఖలో సైకిలు భుజాన వేసుకుని దాటి ఇచ్చి వచ్చేవాణ్ణి. మరుసటి ఏడు ఆమె గోధుమ మాట ఎత్తనివ్వలేదు. ఓబులేసు గారు న్యాయమే అన్నారు, నన్ను ఆమె ఉలవ చేలో గుంటక నడపమని పంపారు. ఒక పంటకాలమంతా నోరు మూసుకుని నడిపాను.

ఆ తరువాతి ఏడు ఆమే కబురు పెట్టింది, సగం చెక్కలో గోధుమ వేద్దామని. అప్పటికి ఓబులేసు గారు ఉద్యోగ విరమణ చేసి వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. నేను ఎరువు గొట్టం పట్టుకుంటే ఆమె నా చెయ్యి ఆపింది. తనే మట్టిలో చెయ్యి పెట్టి, నొక్కి, వదిలి చూసుకుని, ఇక వెయ్యమంది. చేను పొట్టిగానే పెరిగింది. గింజ ముత్యంలా నిండింది. ఆనందం పట్టలేక ఓబులేసు గారికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఎన్నిసార్లు గుంటక తిప్పాం, తడి ఎంత లోతున ఉంది, కంకికి ఎన్ని గింజలు, అన్నీ రాశాను. జవాబు ఒక కార్డు మీద వచ్చింది.

"గింజ నిండిందని రాసినావు, సంతోషం. పిల్లోళ్ళు తిన్నారా? అది రాయలేదే."

నాకు తెలియదు. కోత రోజున కంకులు లెక్కపెట్టుకుని వచ్చేశాను గాని ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆ సాయంత్రమే ఏరు దాటి వెళ్ళాను. ఫూలమణి రొట్టెలు కాలుస్తోంది. పిల్లలిద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని నోటి నిండా నములుతూ నా వంక చూశారు. మర్నాడు నేనూ కార్డే రాశాను, "తిన్నారు సార్" అని. ఆ పైన ముప్ఫై ఏళ్ళు ఎన్నో చేలు తిరిగాను, ఎన్నో నివేదికలు రాశాను. దిగుబడి ఎంతని గట్టు మీద నిలబడి అడిగి వెనక్కి తిరిగిన రోజు మళ్ళీ లేదు. ఆ చేను వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర కూర్చుని, పిల్లలు ఏం తిన్నారో అడిగాకే పెన్ను తీసేవాణ్ణి.