నర్సమ్మ ఫోనులో రిస్టోర్

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను. కానీ గుండె ఇంకా కుదుటపడలేదు.

ఈ సాయంత్రం మా నౌపడలో దీపాల వేళకి పక్కింటి నర్సమ్మ ఫోను పట్టుకుని వచ్చింది. రిపేరు చేయించాక అందులోని మెసేజులన్నీ పోయాయట. ఉప్పు మళ్లలో పనిచేసి మొన్న వేసవిలో పోయిన ఆమె మొగుడి గొంతు కూడా వాటితోనే పోయింది. తెర మీద ‘రిస్టోర్’ అని ఒక మీట కనబడుతోంది. నొక్కితే ఉన్నది కూడా పోతుందేమోనని ఆమె భయం.

“ఆ మాటకి అర్తం ఏటి, బావా?”

ఉప్పు బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చినవాణ్ణి, అడిగితే ఊరుకుంటానా. రిటర్న్ అంటే అడిగి తెచ్చుకున్న జల్లెడ తిరిగి ఇచ్చేయడమనీ, రికవర్ అంటే జ్వరం నుంచి కోలుకోవడమనీ, రిస్టోర్ అంటే పోయినదాన్ని మునుపటిలా నిలబెట్టడమనీ చెప్పుకుంటూ పోయాను.

“ఇన్ని మాటలున్నాయి, మడిసిని తెచ్చే మాట లేదేటి?” అంది.

మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మీట నొక్కాను. కాసేపటికి పోయిన మెసేజులన్నీ తెర మీదికి తిరిగొచ్చాయి. మొగుడు పంపిన చివరిది నొక్కితే మా ఇద్దరి మధ్య నుంచి అతని గొంతు వచ్చింది.

“నర్సీ, ఏటి సేత్తన్నావే? ఓపాలి ఇలగొచ్చీ.”

నర్సమ్మ నోరు మెదపలేదు. దీపాలు పెట్టాక ఎవరు పిలిచినా మా వైపు మొదటి పిలుపుకి పలకరు. చచ్చినవాళ్లు ఒక్కసారే పిలుస్తారనీ, బతికున్నవాళ్లయితే రెండోసారి పిలుస్తారనీ నమ్మకం.

ఆమె చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత తనే వేలితో మళ్లీ నొక్కింది. అదే గొంతు, అదే పిలుపు.

“వత్తన్నాను” అని నర్సమ్మ లేచి చెప్పులు తొడుక్కుంది.